తూర్పు ప్రష్యా ఊళ్లకు కొత్త పేర్లు ఎవరు పెట్టారు, ఏ లెక్కన పెట్టారు

ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో గ్రాఫ్ థియరీ చదివినవాళ్లకు కోనిగ్స్‌బెర్గ్ ఏడు వంతెనల లెక్క తెలిసే ఉంటుంది. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ ఏడూ చుట్టి రావడం కుదరదని 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. తత్వశాస్త్రం చదివినవాళ్లకు అది ఇమ్మాన్యుయేల్ కాంట్ పుట్టి, పాఠాలు చెప్పి, కన్నుమూసిన ఊరు. పోటీ పరీక్షల కోసం ఐరోపా చరిత్ర తిరగేసినవాళ్లకు 1807లో నెపోలియన్, రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ కుదుర్చుకున్న టిల్సిట్ సంధి గుర్తుంటుంది. ఇవాళ్టి మ్యాప్‌లో వెతికితే ఈ రెండు ఊళ్లూ దొరకవు. కోనిగ్స్‌బెర్గ్ కాలినిన్‌గ్రాడ్ అయింది, టిల్సిట్ సొవియెత్స్క్ అయింది. రెండూ రష్యాలోనే ఉన్నాయి. కాకపోతే ఆ ప్రాంతం మిగతా రష్యాతో కలవదు. ఒకవైపు పోలాండ్, మరోవైపు లిథువేనియా, ఇంకోవైపు బాల్టిక్ సముద్రం.

1945 దాకా ఇది జర్మనీకి తూర్పు కొసన ఉన్న రాష్ట్రం, తూర్పు ప్రష్యా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాన్ని మూడు ముక్కలు చేశారు. ఉత్తర భాగం సోవియట్ రష్యాకు, దక్షిణ భాగం పోలాండ్‌కు దక్కాయి. ఈశాన్య కొసన ఉన్న మెమెల్ ప్రాంతం సోవియట్ లిథువేనియాలో కలిసింది. 1938 నుంచి 1950 వరకు, అంటే పన్నెండేళ్లలో, ఈ నేల మీది ఊళ్లలో చాలా వాటికి పేర్లు మారాయి. కొన్నింటికి రెండుసార్లు మారాయి.

దేశం చేతులు మారినప్పుడు ఊళ్ల పేర్లు మారడం ప్రపంచంలో చాలాచోట్ల జరిగిందే. తూర్పు ప్రష్యాను ప్రత్యేకంగా చూడాల్సిన కారణం వేరు. పక్కపక్కనే ఉన్న మూడు ప్రభుత్వాలు, ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే రకం ఊళ్లకు, మూడు పద్ధతుల్లో పేర్లు పెట్టాయి. అందువల్ల ఇక్కడ పోలిక సాధ్యమవుతుంది. ఆ పోలికలో తేలేది ఒక్కటే. ‘అసలు పేరు తిరిగి తెస్తున్నాం’ అని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, చరిత్రలో ఎంత వెనక్కి వెళ్లి ఎక్కడ ఆగాలో కూడా ఆ ప్రభుత్వమే ఎంచుకుంటుంది. తనకు అనుకూలమైన పొర దగ్గర ఆగుతుంది. అంతకు కింద ఉన్నవాళ్ల సంగతి ఎత్తదు.

జర్మన్ పేర్ల అడుగున

ఈ నేలకు ‘ప్రష్యా’ అన్న పేరు జర్మన్ల నుంచి రాలేదు. ప్రష్యన్లు అనే బాల్టిక్ జాతి ఇక్కడ ఉండేది. వాళ్ల భాష లిథువేనియన్, లాత్వియన్ భాషలకు చుట్టం. 13వ శతాబ్దంలో ట్యూటానిక్ నైట్లు అనే జర్మన్ క్రైస్తవ సైనిక సంఘం ఈ ప్రాంతాన్ని జయించింది. ట్వాంగ్‌స్తె అని ప్రష్యన్లు పిలిచే చోట 1255లో కోట కట్టి, తమకు సాయంగా వచ్చిన బొహీమియా రాజు రెండో ఒటోకర్ గౌరవార్థం దానికి ‘రాజుగారి కొండ’ అని అర్థం వచ్చేలా కోనిగ్స్‌బెర్గ్ అని పేరు పెట్టారు. ప్రష్యన్ భాష 18వ శతాబ్దం తొలి ఏళ్లలో, ప్లేగు ఊళ్లకు ఊళ్లను మింగేసిన కాలంలో, పూర్తిగా అంతరించింది. ఊళ్ల పేర్లలో, నదుల పేర్లలో మాత్రం ఆ మాటలు మిగిలాయి.

దక్షిణాన అడవులు, చెరువుల మధ్య పోలిష్ మాట్లాడే మజూరియన్లు స్థిరపడ్డారు. మతానికి వాళ్లు లూథరన్లు, అంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు, క్యాథలిక్ పోలాండ్ వాళ్లకూ వీళ్లకూ అక్కడే తేడా. ఈశాన్యంలో లిథువేనియన్ రైతులు ఉండేవారు. అందుకే జర్మన్ మ్యాపుల్లో పిల్‌కాలెన్, స్టాలుపోనెన్, దార్‌కెహ్‌మెన్, లాస్‌దెహ్‌నెన్ లాంటి పేర్లు కుప్పలుగా కనిపించేవి. వీటికి మూలం లిథువేనియన్, ప్రష్యన్ మాటలు. పలుకుబడి మాత్రం జర్మన్‌ది. వందల ఏళ్లుగా ఆ ఊళ్లలో పుట్టి పెరిగిన జర్మన్ కుటుంబాలకు అవి తమ ఊరి పేర్లే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పేర్లు రాజకీయంలోకి వచ్చాయి. దక్షిణ భాగం జర్మనీలో ఉండాలా, కొత్తగా పుట్టిన పోలాండ్‌లో కలవాలా అని 1920 జూలై 11న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పోలిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో కూడా జనం భారీ మెజారిటీతో జర్మనీ వైపు నిలిచారు. ఒలెత్స్కో జిల్లాలో పోలాండ్‌కు పడ్డవి రెండే రెండు ఓట్లు. ఆ విధేయతకు గుర్తుగా జిల్లా కేంద్రమైన మార్గ్‌గ్రాబోవాకు 1928లో ట్రాయ్‌బుర్గ్, అంటే విశ్వాసపు కోట, అని పేరు మార్చారు. అప్పటికి హిట్లర్ అధికారంలోకి రాలేదు. ప్రజాస్వామ్య జర్మనీ చేసిన పని అది.

అసలు దెబ్బ 1938లో పడింది. నాజీ పార్టీ తరఫున తూర్పు ప్రష్యాను ఏలుతున్న ఎరిక్ కోచ్ హయాంలో, జర్మన్‌లా వినపడని పేర్లను పెద్ద ఎత్తున ఏరి పారేశారు. ఆ ఒక్క ఏడాదే సుమారు 1,500 ఊళ్ల పేర్లు మారాయి. పిల్‌కాలెన్ ష్లాస్‌బెర్గ్ అయింది. స్టాలుపోనెన్ ఎబెన్‌రోడె అయింది. దార్‌కెహ్‌మెన్ అంగెరాప్, లాస్‌దెహ్‌నెన్ హాజెల్‌బెర్గ్ అయ్యాయి. దక్షిణాన కాలినోవెన్‌ను ద్రైమ్యూలెన్ అన్నారు. తమాషా ఏమిటంటే, పిల్‌కాలెన్‌కు లిథువేనియన్‌లో కోట కొండ అనే అర్థం, ష్లాస్‌బెర్గ్‌కూ జర్మన్‌లో అదే అర్థం. భావం నచ్చక మార్చలేదు. ఆ నేల మీద జర్మన్లు కానివాళ్లు ఎప్పుడో ఉన్నారన్న సాక్ష్యం కళ్లబడకూడదని మార్చారు.

దీన్ని మర్చిపోతే 1945 తర్వాతి కథ తప్పుగా అర్థమవుతుంది. యుద్ధానంతరం రష్యన్లు, పోలిష్‌వాళ్లు వచ్చి జర్మన్ పేర్లు తుడిచేశారన్నది సగం నిజమే. వాళ్లు తుడిచిన పేర్లలో చాలా వాటి వయసు ఏడేళ్లు. అంతకు ముందున్న, వందల ఏళ్ల నాటి పేర్లను తుడిచింది జర్మన్ ప్రభుత్వమే. సరిహద్దు అంగుళం కూడా కదలకముందే ఆ పని జరిగిపోయింది.

పోలాండ్: పండితుల కమిటీ

1945 జనవరిలో ఎర్ర సైన్యం దూసుకురావడంతో లక్షలాది జర్మన్లు మంచులో బండ్లు కట్టుకుని, ఓడలెక్కి పారిపోయారు. ఆగస్టులో పోట్స్‌డామ్ సమావేశం పంపకానికి ఆమోదం తెలిపింది. పోలాండ్‌కు దక్కిన భాగంలోకి మూడు దిక్కుల నుంచి జనం వచ్చారు. మధ్య పోలాండ్ నుంచి భూమి కోసం వచ్చినవాళ్లు కొందరు. విల్నియస్ పరిసరాల నుంచి, సోవియట్ యూనియన్‌లో కలిసిపోయిన తూర్పు ప్రాంతాల నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు ఇంకొందరు. 1947లో ‘ఆపరేషన్ విస్తులా’ పేరిట ఆగ్నేయ పోలాండ్ నుంచి బలవంతంగా తరలించిన సుమారు 1,40,000 మంది ఉక్రేనియన్లలో కొంత భాగం కూడా ఇక్కడికే చేరింది. మజూరియన్లలో కొందరు మాత్రం ఊరు వదలకుండా ఉండిపోయారు.

తొలి నెలల్లో పేర్ల విషయంలో అంతా గందరగోళం. జర్మనీ నుంచి పోలాండ్‌కు వచ్చిన అన్ని ప్రాంతాల్లోనూ ఇదే పరిస్థితి. రైల్వేవాళ్లు స్టేషన్ బోర్డు మీద ఒక పేరు రాసుకునేవారు, జిల్లా అధికారి కాగితాల్లో ఇంకోటి ఉండేది, కొత్తగా దిగిన కుటుంబాలు తమ పాత ఊరి పేరే పెట్టుకునేవి. నైరుతి పోలాండ్‌లోని సైలీసియాలో రైహెన్‌బాఖ్ అనే పట్టణాన్ని కొందరు రిఖ్‌బాఖ్ అన్నారు, కొందరు ద్రోబ్నిషెఫ్ అన్నారు. చివరికి తేనెటీగల పునరుత్పత్తి మీద గొప్ప పరిశోధన చేసిన యాన్ జెర్జోన్ అనే మతగురువు పేరు మీద అది జెర్జోనియుఫ్‌గా స్థిరపడింది. ఉత్తరం ఎక్కడికి చేరాలో, రైలు ఎక్కడ ఆగాలో తేలని ఆ రోజుల్లో ఇది భావోద్వేగాల గొడవకన్నా ముందు పాలనా సమస్య.

1945 సెప్టెంబరులో ష్చెచిన్‌లో భాషావేత్తలు, అధికారులు కలిసి కూర్చున్నారు. 1946 జనవరిలో ప్రభుత్వం ఊళ్ల పేర్లు నిర్ణయించే కమిషన్ వేసింది. అధ్యక్షుడు స్టానిస్వాఫ్ స్రొకోవ్‌స్కి అనే భౌగోళిక శాస్త్రవేత్త. కజిమియెజ్ నిచ్, వితోల్ద్ తషిత్స్కి లాంటి పేరున్న భాషావేత్తలు ఈ పనిలో పాలుపంచుకున్నారు. 1950 నాటికి జర్మనీ నుంచి వచ్చిన ప్రాంతాలన్నిటిలో కలిపి 30,000 పైచిలుకు పేర్లు నిర్ణయించారు.

వాళ్ల పద్ధతిలో ఒక క్రమం ఉంది. మధ్యయుగపు పత్రాల్లో స్లావ్ రూపం దొరికితే దాన్ని తిరిగి నిలబెట్టాలి. దొరక్కపోతే జర్మన్ పేరును పోలిష్ నోటికి తిప్పాలి. అదీ కుదరకపోతే అనువదించాలి. ఏదీ కాకపోతే కొత్తది కల్పించాలి. గ్దాన్స్క్, వ్రోత్స్వాఫ్, ష్చెచిన్ లాంటి పెద్ద నగరాలకు పోలిష్ పేర్లు ఎప్పటినుంచో వాడుకలో ఉన్నవే. మజూరియాలో కూడా చాలా ఊళ్లకు పోలిష్ పేర్లు సిద్ధంగా ఉన్నాయి, ఎందుకంటే అక్కడి జనం మాట్లాడింది పోలిష్ యాసే. వోయ్‌చెక్ కెంట్షిన్‌స్కి అనే చరిత్రకారుడు 19వ శతాబ్దంలోనే అలాంటి పేర్లు సేకరించి ప్రచురించాడు. ఈ పండితుల శ్రమను తక్కువ చేయడానికి లేదు. పేలవమైన నకళ్లు, ధ్వంసమైన గ్రంథాలయాలు, తరుముతున్న గడువుల మధ్య వాళ్లు చేసిన పని భాషాశాస్త్రంగా ఇవాళ్టికీ నిలబడేదే.

అయినా ఆ పని నిష్పాక్షికంగా జరగలేదు. ప్రభుత్వం ఈ ప్రాంతాలకు ‘తిరిగి పొందిన భూములు’ అని అధికారికంగా పేరు పెట్టింది. అవి ఎప్పటినుంచో పోలిష్‌వే అని ప్రతి బోర్డూ చెప్పాలి. దీనివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది, విడ్డూరంగా, పోలిష్ మాట్లాడే మజూరియన్లే. రాస్టెన్‌బుర్గ్‌ను వాళ్లు తరతరాలుగా రాస్తెంబోర్క్ అనేవారు. జెన్స్‌బుర్గ్‌ను జొంజ్‌బోర్క్ అనేవారు. లోట్సెన్ వాళ్ల నోట లెత్స్. యోహానిస్‌బుర్గ్‌ను యాన్స్‌బోర్క్ అనేవారు. పక్కనున్న వార్మియా ప్రాంతంలోని పోలిష్ జనం వార్టెన్‌బుర్గ్‌ను వార్తెంబోర్క్ అనేవారు. ఇవన్నీ బతికున్న పోలిష్ పేర్లు. కాని చివరన వినపడే ‘బోర్క్’ జర్మన్ ‘బుర్గ్’ నుంచి వచ్చింది కాబట్టి వార్సాకు అవి చాలినంత పోలిష్‌గా తోచలేదు.

వాటి స్థానంలో మహనీయుల పేర్లు వచ్చాయి. రాస్టెన్‌బుర్గ్ ఆ చరిత్రకారుడి పేరుతో కెంట్షిన్ అయింది. లోట్సెన్, పోలిష్ భాష హక్కుల కోసం పోరాడిన లూథరన్ పాస్టర్ గిజేవియుష్ పేరుతో గిజిత్స్కో అయింది. జెన్స్‌బుర్గ్, నిఘంటుకర్త, పాస్టర్ మ్రొంగోవియుష్ పేరుతో మ్రొంగోవో అయింది. వార్టెన్‌బుర్గ్, వార్మియా జానపద సంస్కృతిని రాసిపెట్టిన మతగురువు బార్‌చెఫ్‌స్కి పేరుతో బార్‌చెవో అయింది. వీళ్లు నిజంగా గౌరవించదగ్గ మనుషులు. ఆ నేల మీద పోలిష్ భాష బతకడానికి కష్టపడ్డవాళ్లు. అయితే వాళ్లు కాపాడాలనుకున్నది ఏ జనం మాటనో, ఆ జనం నోట ఉన్న ఊరి పేరే వాళ్ల గౌరవం కోసం తీసేశారు.

కెంట్షిన్‌స్కి జీవితం ఈ సందర్భంలో కాస్త ఆగి చూడదగ్గది. 1838లో లోట్సెన్‌లో పుట్టినప్పుడు అతని పేరు అడాల్బెర్ట్ ఫాన్ వింక్లెర్. జర్మన్‌గా పెరిగాడు. తండ్రి తరఫు పూర్వీకులు పోలిష్ వాళ్లని యువకుడిగా తెలుసుకుని, 1861లో తన పేరే మార్చుకున్నాడు. తన పేరును తానే ఎంచుకున్న మనిషి పేరు, ఎంచుకునే అవకాశం లేని ఒక పట్టణానికి వచ్చింది. అతను పుట్టిన లోట్సెన్‌కు గిజేవియుష్ పేరు పెట్టారు. ఇక ద్రెంగ్‌ఫుర్ట్ అనే చిన్న పట్టణానికి స్రొకోవో అని పేరు, కమిషన్ అధ్యక్షుడు స్రొకోవ్‌స్కి 1950లో చనిపోయాక ఆయన స్మారకంగా. వేలాది ఊళ్లకు పేర్లు పెట్టిన కమిటీ చివరికి తన పెద్దనే ఒక ఊరిగా మార్చింది.

సోవియట్ భాగం: గతమే వద్దు

సరిహద్దుకు ఉత్తరాన పండితుల కమిటీ లాంటిదేమీ కనిపించదు. 1946 ఏప్రిల్‌లో కోనిగ్స్‌బెర్గ్ ప్రాంతాన్ని రష్యన్ రిపబ్లిక్‌లో ఒక ఒబ్లాస్త్‌గా, అంటే రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతంగా, ఏర్పాటు చేశారు. జూన్ 3న సోవియట్ దేశాధ్యక్ష స్థానంలో ఏళ్ల తరబడి ఉన్న మిఖాయిల్ కాలినిన్ చనిపోయాడు. జూలై 4న నగరం కాలినిన్‌గ్రాడ్ అయిపోయింది. కాలినిన్‌కూ ఈ నగరానికీ ఏ సంబంధమూ లేదు. అంతేకాదు, త్వేర్ నగరం 1931 నుంచే కాలినిన్ పేరుతో ఉంది. మాస్కో పక్కన 1938 నుంచే ఇంకో కాలినిన్‌గ్రాడ్ ఉంది. తర్వాత రోజుల్లో అంతరిక్ష నౌకల కంట్రోల్ సెంటర్‌తో పేరు తెచ్చుకున్న ఊరు అదే, ఇప్పుడది కొరల్యోవ్. ఏడు వందల ఏళ్ల నగరానికి పేరు పెట్టేటప్పుడు ఆ పేరు ఇంకెక్కడైనా ఉందా అని కూడా చూడలేదంటే, ఆ నగరం గురించి ఎంత ఆలోచించారో అర్థమవుతుంది.

అదే ఏడాది సెప్టెంబరు నుంచి పట్టణాల వంతు మొదలైంది. టిల్సిట్ సొవియెత్స్క్ అయింది. ఇన్‌స్టెర్‌బుర్గ్, తూర్పు ప్రష్యా దాడికి నాయకత్వం వహిస్తూ 1945 ఫిబ్రవరిలో చనిపోయిన జనరల్ చెర్న్యాఖోవ్‌స్కి పేరు మీద చెర్న్యాఖోవ్‌స్క్ అయింది. గుంబినెన్ గూసెవ్‌గా, స్టాలుపోనెన్ నెస్తెరోవ్‌గా, హైలిగెన్‌బైల్ మామొనోవోగా మారాయి, ముగ్గురూ యుద్ధంలో మరణించిన సోవియట్ అధికారులు. పిల్లావ్ ఓడరేవు బాల్తీస్క్ అయింది. సముద్రతీర విహార కేంద్రాలు క్రాంట్స్, రౌషెన్ జెలెనొగ్రాద్‌స్క్, స్వెత్లొగోర్స్క్ అయ్యాయి. అంబర్ తవ్వే పామ్‌నికెన్‌కు యంతార్నీ అని, అంటే అంబర్ ఊరు అని, పేరు పెట్టారు. ఈ మొత్తం జాబితాలో చరిత్ర తొంగిచూసిన పేరు ప్రాయిసిష్ ఐలావ్‌ది. 1807లో అక్కడ నెపోలియన్‌తో పోరాడిన రష్యన్ సేనాని బగ్రాతియోన్ పేరు మీద అది బగ్రాతియోనొవ్‌స్క్ అయింది. అదీ రష్యన్ చరిత్రే.

పల్లెలకు 1947లో, మళ్లీ 1950లో పెద్ద జాబితాలు విడుదలయ్యాయి. క్రాస్నొయె, కాలినొవ్క, సదోవొయె, లుగొవొయె లాంటి పేర్లు, రష్యా అంతటా ఎక్కడైనా ఉండగలిగేవి, ఒకే ఒబ్లాస్త్‌లో మళ్లీ మళ్లీ వచ్చాయి. వలస వచ్చినవాళ్ల సొంత ప్రాంతాల పేర్లూ కొన్ని అతుక్కున్నాయి. గుర్రాల పెంపకానికి ప్రపంచ ప్రసిద్ధమైన ట్రాకెహ్‌నెన్ యాస్నయా పొల్యానా అయింది. ఎన్నో చిన్న పల్లెలకు, ఒంటరి పొలం ఇళ్లకు అసలు పేరే రాలేదు. అక్కడ ఎవరూ స్థిరపడలేదు. ఇళ్లు కూలాయి, పొలాలు అడవిలో కలిశాయి.

స్టాలిన్ 1943లో టెహ్రాన్ సమావేశంలో కోనిగ్స్‌బెర్గ్ అడిగినప్పుడు, మంచు గడ్డకట్టని ఓడరేవు కావాలన్న వాదనతోపాటు అది పూర్వకాలం నుంచీ స్లావ్ భూమి అని కూడా అన్నాడు. ఆ వాదన చారిత్రకంగా నిలవదు. ఆశ్చర్యం ఏమిటంటే, పేర్లు పెట్టేటప్పుడు మాస్కో దాన్ని అసలు వాడుకోలేదు. పోలాండ్ పాత పత్రాలు తవ్వి హక్కు నిరూపించుకోవాలనుకుంది. మాస్కోకు ఆ అవసరం తోచలేదు. యుద్ధంలో గెలిచామన్నదే హక్కు, ఆ యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లే దస్తావేజు. 1946 వేసవిలో ప్రభుత్వం 12,000 కుటుంబాలను ఇక్కడికి తరలించాలని నిర్ణయించింది. వాళ్లు రష్యా, బెలారుస్ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. మిగిలిపోయిన సుమారు లక్షమంది జర్మన్లను 1947-48లో రైళ్లెక్కించి పంపేశారు. పాత పేరు పలికేవాళ్లు ఎవరూ మిగలనప్పుడు కొత్త పేరుకు ఎదురు చెప్పేవాళ్లూ ఉండరు.

ఈ పద్ధతిలో జర్మన్లతోపాటు లిథువేనియన్లూ నష్టపోయారు. లిథువేనియన్ సాహిత్యానికి ఆద్యుడనదగ్గ కవి క్రిస్తియొనాస్ దొనెలాయితిస్ 1743 నుంచి 1780లో చనిపోయేదాకా ఈ ప్రాంతంలోని టోల్మింగ్‌కెహ్‌మెన్ అనే పల్లెలో పాస్టర్‌గా పనిచేశాడు. 1938లో నాజీలు ఆ పేరులోని లిథువేనియన్ తోకను కత్తిరించి టోల్మింగెన్ అన్నారు. సోవియట్లు దాన్ని చీస్తియె ప్రుదీ, అంటే శుభ్రమైన చెరువులు, అన్నారు. ఆయన చర్చిని తర్వాత బాగుచేసి మ్యూజియం చేశారు. అక్కడికి వచ్చే లిథువేనియన్లు ఆ ఊరిని ఇప్పటికీ తొల్మింకియెమిస్ అనే పిలుస్తారు. నాజీలు, సోవియట్లు బద్ధశత్రువులు. ఈ పల్లె విషయంలో మాత్రం ఇద్దరూ చెరిపింది ఒకే గతాన్ని.

లిథువేనియాకు దక్కిన మెమెల్ ప్రాంతంలో ఇంత కొత్త పని పడలేదు. 1923 నుంచి 1939 వరకు అది ఆ దేశంలోనే ఉంది కాబట్టి క్లాయిపేద, షిలుతె లాంటి పేర్లు అప్పటికే అలవాటైనవే.

జనం ఉండిపోతే ఏమవుతుంది

పేరు మారాక అది నిలబడుతుందా లేదా అన్నది పేరు నాణ్యత మీద ఆధారపడదు, జనం ఉన్నారా వెళ్లారా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇందుకు మంచి పోలిక ఇటలీలోని సౌత్ టైరోల్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919 ఒప్పందంతో ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చిన ఈ కొండ ప్రాంతంలో జనం జర్మన్ మాట్లాడేవాళ్లు. ఎత్తొరె తొలొమెయి అనే ఇటాలియన్ జాతీయవాది యుద్ధం ముగియకముందే వేల ఊళ్లకు, కొండలకు ఇటాలియన్ పేర్ల జాబితా తయారు చేసి పెట్టుకున్నాడు. కొన్ని పాతవి, చాలా వరకు అతని కల్పన. 1923లో ప్రభుత్వం వాటిని చట్టం చేసింది. ముస్సోలినీ కాలంలో ఒత్తిడి తీవ్రంగానే సాగింది. అయినా జనంలో అత్యధికులు ఆ లోయల్లోనే మిగిలారు. నూరేళ్ల తర్వాత బోర్డుల మీద బొల్జానో పక్కనే బోజెన్ ఉంది, ఏ కొండకు ఏ పేరు రాయాలన్న రాజకీయ వివాదం ఇంకా నడుస్తూనే ఉంది. తూర్పు ప్రష్యాలో అలాంటి వివాదం ఊరి స్థాయిలో లేకపోవడానికి కారణం సర్దుబాటు కాదు. వాదించాల్సినవాళ్లు అక్కడ లేరు.

ఇప్పటి గొడవలు

సోవియట్ కాలం ముగింపులో కాలినిన్ నగరం 1990లో తిరిగి త్వేర్ అయింది. 1991లో లెనిన్‌గ్రాడ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది. కాలినిన్‌గ్రాడ్ మాత్రం అలాగే ఉండిపోయింది. మిగతా నగరాలకు వెనక్కి వెళ్తే రష్యన్ చరిత్రలో భాగమైన పేరే దొరుకుతుంది. దీనికి వెనక్కి వెళ్తే జర్మన్ పేరు దొరుకుతుంది, దాంతో సరిహద్దు మీద అనుమానం మొదలవుతుందేమోనని భయం. 2005లో నగరం 750వ పుట్టినరోజు ఘనంగా చేసుకుంది. వేడుక కాలినిన్‌గ్రాడ్ పేరు మీదే జరిగింది, ఆ పేరు వయసు అప్పటికి 59 ఏళ్లు. అదే ఏడాది అక్కడి యూనివర్సిటీకి కాంట్ పేరు పెట్టారు. నగర యువత మాటల్లో తమ ఊరిని ‘కోనిగ్’ అని పొట్టిగా పిలుచుకోవడం ఎప్పటినుంచో ఉంది. తాతల తరం రష్యన్ వలసవాళ్లే అయినా, పుట్టి పెరిగిన నేల పాత చరిత్ర మీద ఆసక్తి వాళ్లలో పెరిగింది. దాన్ని జర్మనీ మీద మోజుగా చూడటం అన్యాయం.

2018లో రష్యా విమానాశ్రయాలకు మహనీయుల పేర్లు పెట్టడానికి ఓటింగ్ జరిగినప్పుడు, కాలినిన్‌గ్రాడ్‌లో ఒక దశలో కాంట్ ముందున్నాడు. వెంటనే ఆయన విగ్రహం మీద రంగు చల్లారు. కాంట్ మాతృదేశ ద్రోహి అని ఒక నౌకాదళ ఉన్నతాధికారి నావికుల ముందు ప్రసంగించిన వీడియో బయటికి వచ్చింది. చివరికి విమానాశ్రయానికి రష్యా సామ్రాజ్ఞి ఎలిజబెత్ పేరు పెట్టారు. 18వ శతాబ్దపు ఏడేళ్ల యుద్ధంలో ఆమె సైన్యం కోనిగ్స్‌బెర్గ్‌ను కొంతకాలం ఆక్రమించింది. కాంట్ కూడా అప్పుడు ఆమె ప్రజే, ప్రొఫెసర్ పదవి కోరుతూ ఆమెకు అర్జీ పెట్టుకున్నాడు.

చెర్న్యాఖోవ్‌స్కి పేరు ఇంకో రకంగా ముడిపడింది. రష్యా భాగంలో ఆయన పేరుతో పట్టణం ఉంది. ఆయన ప్రాణాంతకంగా గాయపడిన మేల్‌జాక్ పోలాండ్ భాగంలో ఉంది. నాజీలు కాల్చి చంపిన పోలిష్ పత్రికా ప్రచురణకర్త సెవెరిన్ పియెనెంజ్నీ పేరుతో అది ఇప్పుడు పియెనెంజ్నో. అక్కడ నిలబెట్టిన జనరల్ స్మారకాన్ని 2015లో తొలగించారు. 1944లో విల్నియస్ దగ్గర పోలిష్ ప్రతిఘటన సైనికుల అరెస్టుల్లో ఆయన పాత్రే అందుకు కారణం. రష్యా తీవ్రంగా నిరసన తెలిపింది.

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పేర్ల గొడవ సరిహద్దు దాటింది. 2023 మేలో పోలాండ్ భౌగోళిక నామాల కమిషన్, పోలిష్‌లో కాలినిన్‌గ్రాడ్ బదులు పాత పోలిష్ పేరు క్రులెవియెత్స్ వాడాలని సిఫారసు చేసింది. 1940లో వేలాది పోలిష్ అధికారుల్ని చంపిన కాతిన్ హత్యాకాండ నిర్ణయానికి ఆమోదం తెలిపినవారిలో కాలినిన్ ఒకడు కాబట్టి, ఆ పేరు పోలిష్‌వాళ్లకు బాధ కలిగిస్తుందన్నది ఒక వాదన. అది నిజమైన బాధే. తన భాషలో పక్క దేశపు నగరాన్ని ఏమని పిలవాలో నిర్ణయించుకునే హక్కు పోలాండ్‌కు ఉంది. క్రెమ్లిన్ దీన్ని పిచ్చికి దగ్గరి పనిగా వర్ణించింది. అయితే 1946 నుంచి 77 ఏళ్లు కాలినిన్ పేరు రాస్తూ వచ్చిన మ్యాపులు హఠాత్తుగా 2023లోనే భరించరానివి కావడంలో, 1940 గాయంతోపాటు 2022 యుద్ధానికీ వాటా ఉందని ఒప్పుకోవాలి.

అదే పోలాండ్ తన గడ్డ మీది జర్మన్ మైనారిటీ విషయంలో మరింత ఆలోచించి అడుగేసింది. 2005 చట్టం ప్రకారం మైనారిటీ జనాభా 20 శాతం దాటిన చోట, లేదా ఊరివాళ్లు సంప్రదింపుల్లో ఒప్పుకున్న చోట, పోలిష్ పేరు కింద మైనారిటీ భాషలో రెండో పేరు రాయవచ్చు. ఒపోలె ప్రాంతంలో చాలా ఊళ్ల బోర్డులు ఇప్పుడు అలాగే ఉన్నాయి. ఒక షరతు ఉంది. 1933 నుంచి 1945 వరకు నాజీ జర్మనీ గానీ సోవియట్ అధికారులు గానీ పెట్టిన పేర్లు పనికిరావు. ఒపోలె దగ్గరి ష్చెద్‌జిక్ అనే పల్లెకు నాజీలు 1934లో హిట్లర్‌జే అని పేరు పెట్టారు. అలాంటివి తిరిగి రాకుండా ఈ గీత.

మజూరియాలో జర్మన్లు ఇప్పుడు కొద్దిమందే కాబట్టి ఈ చట్టం అక్కడ పెద్దగా అక్కరకు రాదు. అక్షరాలా అమలు చేసి చూస్తే మాత్రం దాని గీత ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. సరిహద్దు పల్లె జిట్కెయ్మికి 1938 నాటి వేర్‌కిర్హెన్ రాయకూడదు, లిథువేనియన్ మూలం ఉన్న పాత షిట్‌కెహ్‌మెన్ రాయవచ్చు. ఇవాళ ఒలెత్స్కో అని పిలిచే పట్టణానికి మాత్రం ట్రాయ్‌బుర్గ్ రాయడానికి కూడా ఆ షరతు అడ్డురాదు. ఆ పేరు 1928 నాటిది.